కొట్టివేత లేని పుస్తకం

దేవుడు మనుషుల్ని తూచేటప్పుడు ఒంటిమీద ఉన్నవన్నీ తీసి తూస్తాడా, ఉన్నవాటితోనే తూస్తాడా అన్న సందేహం ఆమెకు పందొమ్మిదేళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని భయం. రోజూ ఉదయం తొమ్మిదికి పది నిమిషాల ముందు, పసిపిల్లల్ని పడుకోబెట్టే తూకం పళ్లెం తుడిచి, దానిమీద రెండు కిలోల ఇత్తడి రాయి పెట్టి, ఎర్రటి అంకెలు నిలకడగా రెండు దగ్గర ఆగేదాకా చూస్తున్నప్పుడు ఆ ప్రశ్న వచ్చి పక్కన నిలబడేది. ఆ రోజూ వచ్చింది. అంకెలు ఆగాయి. రాయి తీసి గుడ్డసంచిలో పెట్టింది. కళ్లు మూసుకుని, "స్వామీ, నా చెయ్యి తొణకనీయకు" అని ఎప్పటి మాటే అనుకుని, వెళ్లి తలుపు గడియ తీసింది.

అది తల్లులకూ పసిపిల్లలకూ ప్రభుత్వం ఇచ్చే పోషకాహారం పంచే కేంద్రం. రెండే గదులు. ముందు గదిలో ఆమె బల్ల, తూకం, పొడవు కొలిచే చెక్క, గోడవారగా రెండు బెంచీలు. వెనక గది స్టోరు. మధ్య గోడకున్న కిటికీలోంచి స్టోరు గుమాస్తా పొట్లాలు అందిస్తాడు. ప్రతి కార్డు మీదా బల్ల అదిరేలా ముద్ర గుద్దుతాడు కాబట్టి ఆయన ముద్ర మామయ్య. ఆమె తూకం అక్క. మొదట్లో ఆమె తూచిన పసిపిల్లలు కొందరు ఇప్పుడు తల్లులై వస్తున్నారు, వాళ్లకీ ఆమె అక్కే. నేల తుడిచి, ఏడ్చేవాళ్లను ఎత్తుకుని, బెంచీల మీద సర్ది కూర్చోబెట్టే ఆయమ్మకు మాత్రం వేరే పేరేదీ రాలేదు.

ముప్ఫై ఏళ్లుగా పిల్లల్ని ఎత్తి దించిన చేతులు తూకం అక్కవి. మణికట్లు లావెక్కాయి, బొటనవేళ్లు పక్కకు వంగిపోయాయి. ఎవరి పిల్లనైనా ఎత్తుకుంటే ముద్దుకంటే ముందు అంకె వస్తుంది నోటికి. తన కూతురు పుట్టినప్పుడు నర్సు తెచ్చి చేతుల్లో పెడితే, "రెండు కిలోల ఎనిమిది వందలు" అని కళ్లు మూసుకుందిట. ఆమె భర్త ఆ సంగతి ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. బజారులో ఆమె ఒక కట్ట చేతిలోకి తీసుకుని ఆగితే చాలు, కూరగాయలవాడు "అమ్మా తల్లీ, మీరు తూచకండి, నేనే ఇంకో రెండేస్తా" అంటాడు.

చేతులకు అంత తెలిసినా పుస్తకంలో రాసేది తూకం చూపిన అంకే. అది నియమం. ముప్ఫై ఏళ్లకు ముప్ఫై పుస్తకాలు. ఒక్కదానిలోనూ కొట్టివేత లేదు. రాసిన అంకె కొట్టేసి మళ్లీ రాయాలంటే పక్కన కారణం రాసి ఆఫీసరు సంతకం తీసుకోవాలి. ఆమెకు ఆ అవసరం రాలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను ఆఫీసరు ఇక్కడికి తీసుకొచ్చి ఆ పుస్తకాలు చూపిస్తుంది. అప్పుడామె తల దించుకుని పెన్ను మూత బిగిస్తూ ఉంటుంది గానీ, లోపల సంతోషంగానే ఉంటుంది. అది గర్వమేనని తెలుసు. పొద్దున ప్రార్థనలో దాన్ని కూడా ఒప్పుకునేది. మానుకోవడం మాత్రం కుదిరేది కాదు.

ఆ రోజు నెలాఖరు. మూడు నెలలకోసారి చేసే ఎర్రగీత జాబితా సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. వచ్చిన ప్రతి బిడ్డకూ పిండి పొట్లం ఇస్తారు. వయసుకు తగ్గ బరువు లేని బిడ్డకు, కార్డు మీద ఎర్రగీత కిందికి పడిన బిడ్డకు, దాంతోపాటు రెండు డబ్బాల పాలపొడి, తల్లికి వేరే పొట్లం ఇస్తారు. ఇవాళ జాబితాలోకి ఎక్కకపోతే మళ్లీ మూడు నెలలే. అందుకే బెంచీలు నిండి, గుమ్మం దాటి వీధిలోకి నిలబడ్డారు.

పదిన్నర ప్రాంతంలో ఆ అమ్మాయి వచ్చింది. ఎనిమిది నెలల ఆడపిల్ల చంకలో ఉంది. పిల్లకు తలంటి, దువ్వి, ఉతికిన గౌను వేసింది. తనకు మాత్రం జడ సగం ఊడిపోయి ఉంది. పోయిన మూడు నెలలూ వచ్చింది కాబట్టి తూకం అక్క గుర్తుపట్టింది. భర్త లారీలకు ఇటుకలు ఎత్తుతాడు. నడుం పట్టేసి నెలన్నరగా మంచం మీదున్నాడు. తల్లికి పాలు చాలడం లేదు. ఆ పాలపొడే పిల్లకు ఆధారం.

"ఇవాళ పరీక్ష అక్కా మాకు," అంది నవ్వుతూ, గౌను విప్పుతూ.

"ఏం పరీక్షే?"

"మీ తూకం."

వెనక నిలబడ్డ లావుపాటి తల్లి అందుకుంది. "మా వాడు పుట్టినప్పటి నుంచీ ఫస్టు క్లాసే. వాళ్ల నాన్నలా తిండి దగ్గర ఆలస్యం లేదు."

"మీ ఆయన్ని కూడా పళ్లెంలో పడుకోబెట్టమందామా?" అన్నాడు కిటికీలోంచి ముద్ర మామయ్య.

"పళ్లెం విరిగితే మీ జీతంలో కోస్తారు మామయ్యా, మీ ఇష్టం."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే తూకం అక్క పిల్లను ఎత్తి పళ్లెంలో పడుకోబెట్టింది. ఎత్తినప్పుడు చేతులకు ఏదో తేడాగా అనిపించింది. భుజాలు తేలిగ్గా ఉన్నాయి, పొట్ట మాత్రం బిగువుగా ఉంది. అంతలో వరసలో ఒక బిడ్డ ఏడుపందుకుంది, ఇంకొకరు కార్డు ముందుకు చాచారు. అంకెలు ఆగాయి. ఆరు కిలోల మూడు వందల అరవై గ్రాములు. ఆ వయసు ఆడపిల్లకు ఎర్రగీత ఆరు కిలోల మూడు వందల దగ్గర. అరవై గ్రాములు పైనుంది. ఆమె రాసింది.

"పాసా అక్కా?"

"గీత దాటింది."

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. పిల్ల బుగ్గ గిల్లి, "చూశావా, మనం పాస్!" అని చెప్పి, కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది.

రెండు నిమిషాలు కాకముందే తిరిగొచ్చింది. చేతిలో ఒక్క పిండి పొట్లం ఉంది. వరస పక్కగా నిలబడి, గొడవ పడే గొంతు కాకుండా, అర్థంకాని గొంతుతో అడిగింది.

"అక్కా, మామయ్య పాలపొడి ఇవ్వలేదు. జాబితాలోంచి పేరు పోయిందంటున్నాడు. పాసైనోళ్లకి ఎక్కువివ్వాలి కదా?"

తూకం అక్క పెన్ను ఆగింది. ఆమె ఒక్క క్షణం ఆ అమ్మాయిని చూసి, బల్లకు ఇవతల ఉన్న స్టూలు చూపించి కూర్చోమంది.

"పాలపొడి ఇచ్చేది బరువు తక్కువైన వాళ్లకే. ఇన్నాళ్లూ నీకెందుకు ఇచ్చారనుకున్నావు?"

"రమ్మన్నప్పుడల్లా వస్తున్నా కదా, అందుకనుకున్నా." ఆ అమ్మాయి పెదవి తడుపుకుంది. "పోయిన నెల ఇంటికొచ్చిన నర్సమ్మ అందరి ముందూ కేకలేసింది. బిడ్డని ఇట్లా ఎండబెట్టావేంటని. ఈసారి తక్కువొస్తే ఇంక నన్ను అనని మాట ఉండదనుకున్నా. అందుకని..."

"అందుకని?"

"బయట నిలబడ్డంతసేపూ నీళ్లు పట్టించా. కాచి చల్లార్చినవే అక్కా, మంచినీళ్లే. సీసాడు తాగింది."

ఆ సీసా ఎంత ఉంటుందో తూకం అక్కకు తెలుసు. నూట యాభై మిల్లీలీటర్లు, అంటే నూట యాభై గ్రాములు.

ఆ అమ్మాయి కళ్లు గోడ మీద అంటించిన కాగితం మీద పడ్డాయి. చదువుకున్నదే. బరువు మార్చడానికి ఏమైనా చేసినట్టు తెలిస్తే కార్డు మూడు నెలలు ఆపబడును అని పెద్ద అక్షరాల్లో ఉంది. చదువుతూండగానే గొంతు మారిపోయింది. "నా కార్డు తీసేస్తారా అక్కా? తెలియక చేశా. ఇంట్లో రెండు రోజులకి సరిపడానే ఉంది పొడి."

"కూర్చో. ఏడవకు. పిల్ల బెదురుతుంది."

అలా అన్నదే గానీ ఆమెకే చెయ్యి ఆడలేదు. పుస్తకంలో అంకె సిరా ఆరిపోయి ఉంది. అడగాలి, ఎప్పుడు పట్టావు, ఏం పట్టావు అని ప్రతి తల్లినీ అడిగి తూచాలి. అదీ నియమమే. వరస పొడుగ్గా ఉంటే ఆ ఒక్క ప్రశ్న జారిపోతుంది. ఎవరూ పట్టించుకోరు. అంకె సరిగ్గా ఉంటే చాలు.

పందొమ్మిదేళ్ల క్రితం కూడా అంకె సరిగ్గానే ఉంది.

అప్పుడు ఒక తల్లి వానలో తడుస్తూ వచ్చింది. బిడ్డ కాళ్లకు వెండి కడియాలున్నాయి, బిగిసిపోయి సులువుగా రాలేదు. గీతకు నలభై గ్రాములు పైన చూపించింది తూకం. బిడ్డ ఎలా ఉందో కళ్లకు కనబడుతూనే ఉంది. పక్కనే నిలబడి పిల్లను పట్టుకున్న ఆయమ్మ, "సబ్బు రాసి ఆ కడియాలు తీసి చూడండమ్మా," అంది. ఆ రోజూ వరస వీధిలోకి ఉంది. తూకం అక్కకు విసుగొచ్చింది. "తూకం నువ్వు చూస్తావా, నేను చూడనా? నీ చీపురు నువ్వు చూసుకో," అంది అందరూ వినేలా. అంకె రాసింది. ఆ తల్లి ఒక్క పొట్లం పట్టుకుని వానలోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రెండు నెలలు చూసి, కార్డులోని చిరునామా పట్టుకుని వెళితే ఇల్లు తాళం వేసి ఉంది. పనికోసం ఎటో వెళ్లిపోయారన్నారు పక్కవాళ్లు. ఎటో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ బిడ్డకు ఇరవై నిండి ఉండాలి. బస్సులో, ఆసుపత్రి వరండాలో, గుడి మెట్ల మీద ఆ ఈడు ఆడపిల్ల కనబడితే తూకం అక్క కాళ్ల వైపు చూస్తుంది. ఈ అమ్మాయిని కూడా మొదటిసారి అలాగే చూసింది. కాదు, ఈమెకు ఇరవై మూడని కార్డులోనే ఉంది.

ఆ రోజు తర్వాత ఆయమ్మ తూకం విషయంలో నోరు విప్పలేదు. అన్నీ మాట్లాడేది. ఎండల గురించి, ధరల గురించి, అల్లుడి గురించి. బిడ్డ పళ్లెంలో ఉన్నప్పుడు మాత్రం వీధి కిటికీలోంచి బయటికి చూసేది.

ఇప్పుడూ అలాగే చూస్తోంది.

"మళ్లీ తూస్తా," అంది తూకం అక్క. "పిల్ల ఆ నీళ్లు పోసేశాక. నువ్విక్కడే ఉండు. ఇంకేం పట్టకు ఒక గంట. అడిగితే నాతో చెప్పు."

ఆ మాట వరసంతా పాకింది. ఒక పసిపిల్ల ఒంటికి పోసుకోవడం కోసం ఒక ప్రభుత్వ కేంద్రం మొత్తం ఎదురుచూడడం అదే మొదలు. పదకొండున్నరైంది. పిల్ల హాయిగా నిద్రపోయింది. పన్నెండైంది. వచ్చినవాళ్లు వస్తున్నారు, వెళ్లేవాళ్లు వెళుతూ ఒకసారి వంగి చూస్తున్నారు.

"ఇంకా లేదా?"

"లేదు."

"ఎండాకాలం కుళాయిలా ఉంది నీ కూతురు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు."

"మామయ్యా, మీ ముద్ర పడితే గానీ కదలదేమో, ఒకటి గుద్దండి."

"నా ముద్రకి కూడా అర్జీ పెట్టుకోవాలమ్మా," అన్నాడాయన లోపల్నుంచి.

లావుపాటి తల్లి తన వంతు అయిపోయినా వెళ్లలేదు. "తేలేదాకా నేనెట్లా వెళతా? ఇంటికెళ్లినా ధ్యాసంతా ఇక్కడే," అని బెంచీ మీద సర్దుకుంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేకపోతోంది. గోడ గడియారం వైపూ పిల్ల లంగోటా వైపూ చూపు తిప్పుతూ కూర్చుంది.

ఒంటిగంట దాటాక పిల్ల లేచి రాగం తీసింది. ఆయమ్మ వచ్చి ఎత్తుకుంది. కళ్లు ఎప్పటిలాగే వీధి కిటికీ వైపు ఉన్నాయి గానీ, పెదవులు బిడ్డ చెవి దగ్గర పెట్టి సన్నగా "స్స్స్..." అంటూ గదిలో అటూ ఇటూ నడిచింది. మూడో చుట్టులో తూకం అక్క బల్ల దగ్గరికి వచ్చి, పిల్లను ఆమె చేతికి అందించబోయింది. సరిగ్గా అప్పుడే వెచ్చగా, ధారగా, తూకం అక్క చీర కుచ్చిళ్ల మీదుగా చెప్పుల్లోకి దిగింది.

గది గదంతా గొల్లుమంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ముద్ర మామయ్య కిటికీలోంచి మెడ చాచి, ఏమైందో తెలుసుకుని, ఖాళీ బల్ల మీద దభీమని ఒక ముద్ర వేశాడు.

"పరీక్ష రాసింది అక్కా," అంది లావుపాటి తల్లి.

తడిసిన చీరతోనే తూకం అక్క పళ్లెం తుడిచింది. సంచిలోంచి ఇత్తడి రాయి తీసి మళ్లీ సరిచూసింది. పొడి లంగోటాతో పిల్లను పడుకోబెట్టింది. అంకెలు ఊగాయి, తగ్గాయి, పెరిగాయి, ఆగాయి. ఆరు కిలోల రెండు వందల పది.

ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. బిడ్డ బరువు తగ్గిందని ఒక తల్లి సంతోషించడం చూసి తూకం అక్క మనసు చివుక్కుమంది. ఇదెక్కడి లెక్క స్వామీ అనుకుంది. అయినా ఆ పూటకు ఆ లెక్కే కావాలి.

ఆఫీసరమ్మ పెద్ద ఆఫీసులో మీటింగు ముగించుకుని మూడుంపావుకు వచ్చింది. వయసులో తూకం అక్క కూతురి ఈడు. జరిగింది విని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, మీ పుస్తకంలో కొట్టివేతా! పోయిన వారమే కదా కొత్తవాళ్లకి చూపించాం."

"అవునమ్మా."

"కారణం ఏం రాస్తారు? బరువు పెరగాలని తల్లి నీళ్లు పట్టించిందంటే నేను కార్డు ఆపాలి. గోడ మీద పెట్టింది నేనే."

గుమ్మం దగ్గర ఆ అమ్మాయి పిల్లను భుజాన వేసుకుని నిలబడింది. తూకం అక్క పుస్తకం ముందుకు జరుపుకుంది. ముప్ఫై ఏళ్లుగా నున్నగా నడిచిన చెయ్యి ఆ అంకె మీద ఒక్క క్షణం తచ్చాడింది. తర్వాత స్కేలు పెట్టి, ఆరు కిలోల మూడు వందల అరవై మీద అడ్డంగా గీత గీసింది. పక్కన కొత్త అంకె వేసింది. కారణం గడిలో రాసింది: తూచే ముందు తల్లిని అడగవలసిన ప్రశ్న అడగలేదు. తప్పు తూచినవారిది.

ఆఫీసరమ్మ చదివి తలెత్తింది. "ఆ అమ్మాయిని కాపాడడానికి రాయడం లేదు కదా?"

"కాపాడాలనే ఉందమ్మా. కానీ రాసింది మాత్రం నిజం. అడిగితే చెప్పేది. దాచే పిల్ల కాదు. నేను అడగలేదు."

"మీ రికార్డులో ఇది ఉండిపోతుంది."

"ఉండనివ్వండి."

ఆఫీసరమ్మ రాసింది ఇంకోసారి చదివి సంతకం పెట్టింది. లేస్తూ, "ఆ కాగితం కూడా మార్చాలి. బరువు తక్కువైతే తిట్టం, సాయం చేస్తాం అని రాయాలి పైన," అంది. మూడూ నలభైకి జాబితాలో పేరు ఎక్కింది. ముద్ర మామయ్య పాలపొడి డబ్బాలు రెండూ స్వయంగా సంచిలో సర్ది ఇచ్చాడు. ఆ అమ్మాయి సంచి ఒక భుజానికీ, పిల్ల ఇంకో భుజానికీ వేసుకుని తూకం అక్క ముందు నిలబడింది.

"వచ్చే నెల నీళ్లు పట్టకుండా తీసుకురా," అంది తూకం అక్క. "ఇది పరీక్ష కాదు. పరీక్షే అయితే అది నీకు కాదు, మాకు."

ఆ అమ్మాయి నవ్వింది, ఉదయం నుంచీ మొదటిసారి భయం లేకుండా.

ఆమె మెట్లు దిగాక ఆయమ్మ తడిగుడ్డతో బల్లకింద తుడిచింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "ఐదున్నర బస్సమ్మా నాకు. బయల్దేరతా మరి."

తూకం అక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయమ్మ నెల క్రితమే చెప్పింది. మోకాళ్లు పనికి రావడం లేదని, నెలాఖరు దాకా చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానని. అందరూ సరేనన్నారు. జాబితా హడావుడిలో అందరూ మరిచిపోయారు. రోజు కూలి మనిషికి వీడ్కోలు సభలు ఉండవు. ఆమె ప్లాస్టిక్ బుట్ట గుమ్మం పక్కన అప్పటికే సర్ది ఉంది.

బెంచీ మీద లావుపాటి తల్లి, ఇంకో ఇద్దరు ఉన్నారు. కిటికీలో ముద్ర మామయ్య ఉన్నాడు. ఇంతమంది ఉన్నారు, ఇది చాలు అనుకుంది తూకం అక్క. లేచి నిలబడింది. మామూలు కంటే గట్టిగానే చెప్పింది.

"ఆయమ్మా, పందొమ్మిదేళ్ల కింద కడియాలు తీసి చూడమన్నావు నన్ను. నువ్వన్నదే సరైంది. నీ చీపురు చూసుకోమన్నాను అందరి ముందూ. ఆ మాట తప్పు. తప్పు నాది."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయమ్మకు మాత్రం అర్థమైంది. కొంగు వదిలేసింది.

"అయ్యో, ఎప్పటి మాట! నేను ఆ రోజే మర్చిపోయానమ్మా," అంది. బుట్ట వైపు ఒక అడుగు వేసి, "అబద్ధం. మర్చిపోలేదు," అంది. వెనక్కి తిరిగి, "ఇన్నేళ్లూ మోశారా? ఎంత బరువుంటుందేం?"

"తూచలేదు," అంది తూకం అక్క.

ఇద్దరూ నవ్వారు, నవ్వుతుంటే ఇద్దరి కళ్లూ నీళ్లయ్యాయి. ఆయమ్మ దగ్గరికొచ్చి తడి ఆరని ఆమె కుచ్చిళ్లు ఒకసారి దులిపి సర్దింది. "ఆ బిడ్డ బతికే ఉంటుందిలెండి. వాళ్లమ్మ గట్టిది. నేను చూశా కదా, వానలో బిడ్డ తల తడవనివ్వలేదు," అంది. ఆ సంగతి ఆమె చూసిందని తూకం అక్కకు ఇన్నేళ్లూ తెలియదు. అడగలేదు కాబట్టి తెలియలేదు.

ఆయమ్మ బుట్ట ఎత్తుకుని, ఒక్కో మోకాలూ సంబాళించుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది. తూకం అక్క వీధి మలుపు దాకా చూసి లోపలికి వచ్చింది. పుస్తకం మూసింది. తూకానికి గుడ్డ కప్పుతూంటే, దాని పక్కన మేకుకు ఏదో వేలాడుతూ కనిపించింది. గుండీ ఊడిన తల్లులకూ లంగోటా జారిన పిల్లలకూ అందించడానికి ఆయమ్మ తన గాజులకు తగిలించుకుని తిరిగిన పిన్నీసులు. ఒక పెద్ద పిన్నీసుకు ఏడు చిన్నవి గుచ్చి ఉన్నాయి, అన్నీ మూసి ఉన్నాయి, ఏ బిడ్డకూ గుచ్చుకోకుండా.